ఉప్పుడబ్బా పక్కన టమాటా నారు

మార్చి నెల సగానికి వచ్చిందంటే చాలు, ఫాయినా ఇంట్లో ఉప్పు నిండుకుంటుంది. ఏడాదంతా నిండుగా ఉండే సీసా సరిగ్గా టమాటా నారు జానెడు ఎదిగే రోజులకి ఎలా ఖాళీ అవుతుందో ఆ దేవుడికే తెలియాలి. దేవుడికీ తెలుసు, ఫాయినాకీ తెలుసు. ఎదురింటి రిమ్మాకి మాత్రం తెలియదని ఫాయినా గట్టి నమ్మకం.

ఇద్దరూ రష్యాలో పెర్మ్ అనే ఊళ్ళో ఒకే తొమ్మిదంతస్తుల బిల్డింగులో, ఏడో అంతస్తులో, ఎదురెదురు తలుపుల వాళ్ళు. ఫాయినా ఫ్యాక్టరీ క్యాంటీన్లో వంట చేసి రిటైరైంది. రిమ్మా ముప్ఫై ఒక్క ఏళ్ళు ట్రాముల్లో టికెట్లు తనిఖీ చేసింది. ఆవిడ ట్రామెక్కిందంటే టికెట్ ఉన్నవాళ్ళు కూడా జేబులు తడుముకునేవాళ్ళట. మామూలు రోజుల్లో ఇద్దరూ పేర్లతో, నువ్వు అంటే నువ్వు అని పిలుచుకుంటారు. కోపమొస్తేనో, ఎగతాళి చెయ్యాలంటేనో తండ్రి పేరు కూడా తగిలించి, 'మీరు' అంటూ మర్యాదలోకి దిగుతారు. అప్పుడు మాత్రం పక్కవాళ్ళు జాగ్రత్తగా ఉండాలి.

బయట ఇంకా మోకాటిలోతు మంచు ఉంటుంది. లోపల కిటికీ గట్ల మీద మాత్రం వేలు పెట్టే ఖాళీ ఉండదు. మీగడ కప్పులు, పాల అట్టపెట్టెలు, పైభాగం కోసేసిన నీళ్ళ సీసాలు, అన్నిట్లో మట్టి. గింజలకి తెగులు పట్టకుండా పర్మాంగనేటు కలిపిన గులాబీరంగు నీళ్ళలో ముంచాలి, తడిగుడ్డలో చుట్టాలి, చంద్రుడు పెరిగే రోజు చూసి నాటాలి. ఫాయినాకి పూలంటే పిచ్చి. ధూళిలాంటి పెటూనియా గింజల్ని పళ్ళుకుట్టుకునే పుల్ల మొనతో ఒక్కొక్కటే ఎత్తి నాటుతుంది, ఆ పూట ఇంట్లో ఎవరూ తుమ్మకూడదు. కిటికీ అంతా పెటూనియాలకే ఇచ్చేసి, భోజనం వంటగదిలో నిలబడి చేస్తుంది. ఆ బాధ ఆవిడకి బాధే కాదు.

బాధంతా రిమ్మా టమాటాల గురించే. ఆ టమాటా బజారులో దొరకదు. పొట్లం మీద బొమ్మ వేసి అమ్మేది కాదు. రిమ్మా అత్తగారి ఊరి నుంచి వచ్చింది. పిడికిలంత కాదు, రెండు పిడికిళ్ళంత కాయ. కోస్తే నీళ్ళు కారవు, మాంసంలా గట్టిగా ఉంటుంది. ఉప్పు చల్లి, మీద రెండు ఉల్లిపాయ ముక్కలు పెట్టుకుని తింటే ఫాయినాకి కళ్ళు వాటంతటవే మూతలు పడతాయి. ఇంత రుచి ఎదురింట్లో పెట్టుకుని ఏ మనిషి నిద్రపోతుందండీ?

మరి అడగొచ్చుగా అంటారు. అడగకూడదు! అడిగి తెచ్చుకున్న నారు బతకదని ఇక్కడ చంటిపిల్లకి కూడా తెలుసు. ఇచ్చినవాళ్ళకి థాంక్స్ చెప్పారా, మర్నాటికే వాడిపోతుంది. ఇచ్చినవాళ్ళ చెయ్యీ పాడవుతుంది. కొట్టుకొచ్చిన నారు మాత్రం ఏపుగా లేస్తుంది. అందుకని ఫాయినా పదేళ్ళుగా ఏడాదికి ఒక్కటంటే ఒక్క మొక్క, ఎవరికీ నష్టం లేకుండా, చాలా మర్యాదగా దొంగిలిస్తోంది. అంతా నారు కోసమే తప్ప తనకేం చేతివాటం ఉందని కాదు. ఆవిడ క్యాంటీన్లో ఉన్నన్నాళ్ళూ ఒక్క చెంచా కూడా ఇంటికి తేలేదు.

ఇందులో ఒక్కటే చిక్కు. ఫాయినా వేసవి తోట ఊరి బయట చిత్తడి నేలలో ఉంది. ఆగస్టు రాగానే అక్కడ పొగమంచు దిగి కాయలన్నిటికీ మచ్చలొస్తాయి. పచ్చివే కోసి ఊరగాయ పెట్టుకోవాల్సిందే, విత్తనానికి ఒక్క కాయ పండదు. రిమ్మా తోట గట్టు మీద ఉంది, పైగా అద్దాల షెడ్డుంది. అందుకే ఏటా మళ్ళీ ఉప్పు నిండుకోవాలి.

ఈ ఏడు మార్చి ఇరవయ్యో తారీకున ఫాయినా ఖాళీ గిన్నె పట్టుకుని బెల్లు కొట్టింది. ఒంటి మీద పెద్ద జేబుల ఉన్ని స్వెట్టరు.

“మళ్ళీ ఉప్పేనా?” అంది రిమ్మా.

“ఏం చెయ్యను, క్యాబేజీ ఊరబెడుతున్నాను.”

“మార్చిలోనా?”

“నా క్యాబేజీ, నా ఇష్టం.”

రిమ్మా ఇంట్లో ఉప్పుడబ్బా వంటగదిలో ఉండదు, ముందుగది కిటికీ గట్టు మీద, సరిగ్గా నారు పక్కన ఉంటుంది. ఎందుకలా అని ఫాయినా ఏనాడూ ఆలోచించలేదు. దొరికిన అదృష్టాన్ని ఎవరు ప్రశ్నిస్తారు? కిటికీలో తొమ్మిది కప్పులున్నాయి. ఒక్కోదాంట్లో జానెడు మొక్క, లావుపాటి కాడ, ముదురాకుపచ్చ రంగు. డబ్బా పక్కన ఉన్నదైతే మరీ బలంగా, పహిల్వానులా నిలబడింది.

“చూడకు, దిష్టి తగుల్తుంది!” అంది రిమ్మా.

“నేనెక్కడ చూశాను, నేను బయట మంచు చూస్తున్నాను.”

“అయ్యో, పాలు పొయ్యి మీద పెట్టాను!” అంటూ రిమ్మా వంటగదిలోకి పరిగెత్తింది.

పిల్లి ఎలుకని పట్టినంత సేపు కూడా పట్టలేదు. కప్పు జేబులోకి, జేబు మీద గిన్నె, గిన్నెలో గుప్పెడు ఉప్పు. వంటగదిలో గిన్నె మూత ఠంగుమని మోగేసరికి ఫాయినా అమాయకంగా పైకప్పు కేసి చూస్తూ నిలబడింది. ఇంటికొచ్చి తలుపేసుకుని, తనలో తనే కిసుక్కున నవ్వుకుంది. ట్రాము ఇన్‌స్పెక్టరునే బురిడీ కొట్టించిందంటే మాటలా!

మర్నాడు మెట్ల దగ్గర ఎదురుపడింది రిమ్మా. రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని ఉంది.

“ఫాయినా గెరాసిమోవ్నా గారూ, నా దగ్గర తొమ్మిది మొక్కలుండాలి. ఎనిమిదే ఉన్నాయండి.”

ఫాయినా తన తలుపు వైపు ఒక అడుగేసింది. “పి... పిల్లి తినేసిందేమో.”

“నాకు పిల్లి లేదు.”

“నాకుందిగా! అది అటూ ఇటూ తిరుగుతుంది.”

“కప్పుతో సహా తిందా?”

“నా పిల్లి మీద ఒట్టు, నేను ముట్టుకోలేదు!” అనేసింది ఫాయినా. ఇంటికెళ్ళి వెంటనే పిల్లికి ఒక చేపముక్క వేసి క్షమాపణ అడిగింది. అక్కడితో ఆ ఏటి తంతు అయిపోయిందనుకుంది.

అయిపోలేదు. మార్చి ఆఖరి రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆరో అంతస్తుకీ ఐదో అంతస్తుకీ మధ్య లిఫ్టు ఆగిపోయింది. లోపల ఎవరో తలుపు బాదుతున్నారు. ఫాయినా అల్లిక సూదులు చేతిలో పట్టుకునే ఆరో అంతస్తుకి దిగి, లిఫ్టు తలుపుకి చెవి ఆనించింది.

“ఎవరది?”

“నేనే, రిమ్మాని! చెత్త పారేసి వస్తుంటే ఆగిపోయింది. ఫాయినా, టమాటాలు బాల్కనీలో ఉన్నాయే!”

“నువ్వు లిఫ్టులో ఉన్నావు, ముందు ఆ సంగతి చూడు!”

“నాకేం రోగం? ముసలిదాన్ని, ఎంతసేపైనా నిలబడతాను. అవి పసివి! పావుగంట ఎండ తగుల్తుందని అద్దం రెక్క తీసి పెట్టాను. ఎండ ఉందా ఇంకా?”

ఫాయినా మెట్ల కిటికీలోంచి చూసింది. ఎండ ఎప్పుడో పోయింది. గాలి విసురుగా కొడుతోంది, మంచు పక్కవాటుగా పడుతోంది.

“ఉంది, ఉంది. బ్రహ్మాండంగా కాస్తోంది.”

“అబద్ధం. మెట్లమీంచి చలి నా కాళ్ళకి తగుల్తోంది,” అంది రిమ్మా. ఆ గొంతు ఒక్కసారి మారిపోయింది. “ఫాయినా, పోయిన వేసవి తెగులొచ్చి కాయలన్నీ పోయాయి కదా. అగ్గిపెట్టెలో పదకొండు గింజలే మిగిలాయి. పదకొండూ నాటేశాను, తొమ్మిదే మొలిచాయి. ఇంక లేవు. ఎక్కడా లేవు.”

గింజలు అయిపోయిన సంగతి ఫాయినాకి ఇప్పటిదాకా తెలియదు. తెలిస్తే ఆ రోజు ఉప్పుకి వెళ్ళేదే కాదు.

“తాళంచెవి! తలుపు సందులోంచి తోసెయ్, నేనెళ్ళి లోపల పెడతాను!”

లిఫ్టువాళ్ళకి అప్పటికే ఎవరో ఫోను చేశారు, వస్తున్నామన్నారు, వాళ్ళు వస్తున్నామంటే ఎప్పుడొస్తారో అందరికీ తెలిసిందే. ఫాయినా మోకాళ్ళ మీద కూర్చుని సూదితో సందుని పెద్దది చేసింది. కింద నుంచి రిమ్మా చెయ్యెత్తి తాళంచెవిని పైకి అందించింది. చివర మెరిసింది. ఫాయినా రెండు వేళ్ళతో పట్టుకుంది. పదేళ్ళుగా చప్పుడు కాకుండా నారుకప్పులెత్తిన ఆ ఘనమైన వేళ్ళు సరిగ్గా అప్పుడే జారాయి. ఠంగ్. మళ్ళీ ఠంగ్. చివరికి ఎక్కడో పాతాళంలో చిన్న చప్పుడు.

“ఏమైంది?”

“పడిపోయింది,” అంది ఫాయినా.

లిఫ్టు మెకానిక్ మూడు గంటల తర్వాత వచ్చాడు. తాళంచెవి తీసి తలుపు తెరిచేసరికి ఎనిమిది మొక్కలూ ఉడికించిన తోటకూరలా కప్పుల అంచుల మీద వాలిపోయి ఉన్నాయి.

రిమ్మా ఏడవలేదు, తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఎనిమిది కప్పులూ శుభ్రంగా కడిగి, హీటరు మీద బోర్లించింది. తర్వాత మూడు రోజులు ఆవిడ కిటికీ ఖాళీగానే ఉంది. మిరప నారు కూడా వంటగది మూలకి తోసేసిందట. రొట్టెల కొట్టులో కనిపిస్తే, “ఎలా ఉన్నావు?” అంటే, “ఉన్నాను,” అంది. ట్రాముల్ని గడగడలాడించిన మనిషి నోట్లోంచి ఒక్క ముక్క!

ఫాయినాకి తిండి సహించలేదు. తన పెటూనియాల మధ్య దాచిన ఆ ఒక్క టమాటా మొక్క ఇప్పుడు పదాకులేసింది. అది తన దగ్గరుంటే పచ్చికాయలు కాస్తుంది, ఊరగాయవుతుంది, దాంతో ఆ వంశం సరి. అది గట్టు మీది రిమ్మా తోటకి వెళ్ళాల్సిందే. కానీ తీసుకెళ్ళి ఇవ్వడానికి వీల్లేదు. ఇస్తే పదేళ్ళ దొంగతనం బయటపడుతుంది, అది పోనీ, సిగ్గు చంపుకోవచ్చు. ఇచ్చిన నారు బతకదే! రిమ్మా నోరూరుకోక థాంక్స్ అందంటే అసలే అయిపోతుంది. లోకంలో మిగిలిన ఒకే ఒక్క మొక్క మీద అంత సాహసం ఎవరు చేస్తారు? పిల్లిని ఒళ్ళో పెట్టుకుని ఒక పొద్దంతా ఆలోచిస్తే ఒకటే దారి తేలింది. రిమ్మా దాన్ని దొంగిలించాలి.

ఆదివారం క్యాబేజీ కూరిన బన్నుల్లాంటి పిరొష్కీలు చేసి రిమ్మాని టీకి పిలిచింది. టమాటాని కిటికీ గట్టు మీద నడిమధ్యన, రిమ్మా కుర్చీకి చెయ్యి చాచే దూరంలో పెట్టింది. రిమ్మా వచ్చింది, చూసింది. చూపు ఒక్కసారి ఆగింది. కూర్చుని పిరొష్కీ తీసుకుంది.

“అయ్యో, పాలు!” అంటూ ఫాయినా వంటగదిలోకి పరిగెత్తింది. అక్కడ పాలూ లేవు, పొయ్యీ వెలగలేదు. నిలబడి వందదాకా లెక్కపెట్టి తిరిగొచ్చింది. మొక్క అక్కడే ఉంది, మట్టి మాత్రం తడిగా ఉంది.

“నీళ్ళు పోశాను. ఎండబెట్టేశావు,” అంది రిమ్మా.

ఫాయినా పళ్ళు కొరుక్కుంది. ఇంకో కప్పు టీ తాగాక, “పిల్లికి తిండి పెట్టొస్తాను,” అని లేచింది. పిల్లి బల్ల కిందే పడుకుని ఉంది, దాన్ని చంకన పెట్టుకుని మరీ వెళ్ళింది. రెండొందల దాకా లెక్కపెట్టి వచ్చింది. మొక్క అక్కడే ఉంది.

“ఒకవైపుకే వంగుతోంది, తిప్పి పెట్టాను,” అంది రిమ్మా.

ఫాయినాకి ఓపిక నశించింది. “రిమ్మా సవేల్యెవ్నా గారూ! మీరు మనిషా, మొద్దా? రెండుసార్లు గది వదిలేసి వెళ్ళాను! ఒక చిన్న మొక్కని దొంగిలించడం కూడా చేతకాదా మీకు? పదేళ్ళుగా నేను చెయ్యట్లేదూ?”

అనేసి నాలిక కరుచుకుంది. రిమ్మా కప్పు కింద పెట్టింది.

“దాన్ని దొంగతనం అంటారా?” అంది. “ఉప్పుడబ్బా వంటగదిలోంచి తెచ్చి కిటికీలో పెట్టింది ఎవరు? మంచి మొక్క చూసి దాని పక్కన నిలబెట్టింది ఎవరు? లేని పాలు పొంగుతున్నాయని వెళ్ళి, వందదాకా లెక్కపెట్టి, వస్తున్నానని తెలియడానికి మూత ఠంగుమనిపించింది ఎవరు? రోజుకి మూడొందల మందిని పట్టుకున్నదాన్ని. జేబులో మీగడ కప్పు పెట్టుకుని, మీద గిన్నె అడ్డం పెట్టుకుని, పైకప్పు కేసి చూసే మనిషిని పట్టుకోలేననుకున్నావా?”

ఫాయినా మొహం బీట్‌రూట్‌లా అయిపోయింది. పదేళ్ళ ఘనత అంతా ఒక్క నిమిషంలో నీరుగారిపోయింది. “మరి పిల్లి మీద ఒట్టు వేయించావు కదే!”

“అది నా సరదా. ఏడాదికొక్కసారి, అది కూడా వద్దా?” ఆవిడ మొక్క వైపు చూసింది. “నీకు టమాటా అంటే ప్రాణమని తెలుసు. చేతికిస్తే బతకదు. ఈసారి గింజలు ఆఖరివి కదా, ఉన్నవన్నీ ఒకే కిటికీలో ఉంటే భయం వేసింది. అందుకే అన్నిటికన్నా బలమైనది నీకు వదిలాను.”

“మరి ఇప్పుడు తీసుకుని చావచ్చుగా!”

“చెయ్యి రావట్లేదు ఫాయినా.” ఆవిడ చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుంది. “నువ్వు అటు వెళ్ళగానే రెండుసార్లూ ముట్టుకున్నాను. ముప్ఫై ఒక్క ఏళ్ళు టికెట్ లేనివాళ్ళని దింపేశాను. నా చెయ్యి దొంగతనానికి లేవదు. దీన్ని నువ్వే పెంచు. ఊరగాయైనా పెట్టుకో.”

“నోర్మూసుకో. ఆ గింజలు నీకు అత్తగారు ఎలా ఇచ్చింది?”

“ఇవ్వలేదు. ప్రస్కోవ్యా నాకు ఎప్పుడు ఏమిచ్చింది, తిట్లు తప్ప? ఆఖరి రోజుల్లో మంచం మీద ఉన్నప్పుడు దిండు పక్కన అగ్గిపెట్టె పెట్టుకుని, నావైపు ఓసారి చూసి, మొహం గోడ వైపు తిప్పుకుంది. చాలాసేపు తిప్పుకునే ఉంది. నేను తీసేసుకుని...”

రిమ్మా ఆగిపోయింది. ఫాయినా నడుం మీద చేతులు పెట్టుకుంది.

“ఓహో! అయితే ఇన్‌స్పెక్టరమ్మ గారు మంచంలో ఉన్న ముసలామె దగ్గర కొట్టేశారన్నమాట!”

“అది... అది వేరు!”

“వేరేం లేదు. టికెట్ చూపించారా ఆ రోజు?”

ఫాయినా ఇంక మాట్లాడనివ్వలేదు. గోడ దగ్గరకెళ్ళి, ముక్కు వాల్‌పేపర్‌కి ఆనించి, దాగుడుమూతలాడే పిల్లలా పైకే మొదలెట్టింది. “ఒకటి... రెండు... మూడు... ఎడంచేత్తో పట్టుకో, కుడిచెయ్యి వణుకుతుంది... నాలుగు... మొక్కని చూడకు, పైకప్పు చూడు... ఐదు...”

ఇరవై దగ్గర కుర్చీ కిర్రుమంది. ముప్ఫై ఐదు దగ్గర గాజు కప్పు ఏదో గలగలమంది, “అమ్మో!” అని చిన్న గొంతు వినిపించింది. యాభై దగ్గర నిట్టూర్పు. ఫాయినా వెనక్కి తిరగలేదు. వాల్‌పేపర్ మీది పువ్వుల్లో ఒక్కటి కూడా కనపడనంతగా కళ్ళు నీళ్ళతో నిండాయి. వంద పూర్తయినా ఇంకో పది ఎక్కువే లెక్కపెట్టింది.

వెనక్కి తిరిగేసరికి గట్టు మీద తడి గుండ్రం ఒక్కటే ఉంది. రిమ్మా తలుపు దగ్గర నిలబడి బూట్లు వెతుక్కుంటోంది. స్వెట్టరు బొత్తాలన్నీ గొంతుదాకా పెట్టేసుకుంది, ముందుభాగం బానలా ఉబ్బింది. మెడ దగ్గర ఒక లేతాకు బయటికి తొంగి చూస్తోంది. బడి ఎగ్గొట్టిన పిల్లలా ఆవిడ మొహం ఎర్రగా వెలిగిపోతోంది.

“కడుపేంటలా ఉబ్బింది?” అంది ఫాయినా.

“నీ పిరొష్కీలే. ఎక్కువ తిన్నాను,” అంది రిమ్మా. గుమ్మం దాటబోతూ ఆగి, వెనక్కి తిరిగింది. పెదాలు కదిలాయి. “ఫాయినా, నీకు...”

“అనకు!” ఫాయినా ఒక్క గెంతులో వెళ్ళి ఆవిడ నోటి మీద అరచెయ్యి పెట్టేసింది. “చచ్చినా అనకు!”

రిమ్మా ఆ అరచేతి వెనకాల ఊపిరి బిగబట్టి, తలూపింది. కళ్ళల్లోంచి మాత్రం ఎవరు ఆపగలరు? అలా ఒక నిమిషం నిలబడ్డారు, మధ్యలో మొక్క నలిగిపోకుండా ఒంగి.

రిమ్మా తన తలుపేసుకున్నాక ఫాయినా నడవలోకి చూసింది. తన గుమ్మం నుంచి ఎదురు గుమ్మం దాకా నల్లటి మట్టి చారలా రాలి ఉంది. ఇలాంటి ఆనవాళ్ళు వదిలే దొంగని తనెక్కడా చూడలేదు. ఎవరైనా చూస్తారని గబగబా చీపురు తెచ్చి ఊడ్చింది.

సగం ఊడుస్తుండగా ఎదురు తలుపు బెత్తెడు తెరుచుకుంది.

“ఫాయినా గెరాసిమోవ్నా గారూ.”

“ఏమిటండీ, రిమ్మా సవేల్యెవ్నా గారూ?”

“వచ్చే మార్చికి మీ ఇంట్లో ఉప్పు ఉంటుందా?”

“ఎక్కడుంటుందండీ,” అంది ఫాయినా, చీపురు ఆపకుండానే. “అయిపోతుంది.”